మా ల్యాబ్‌కి పడని తాళం

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. టీ తాగుతూ, బిస్కెట్టు కొరుకుతూ, "మేడమ్, అంత చిన్న బళ్ళో ల్యాబ్ ఎలా నడిపారు? మాకేమైనా సలహా చెప్పండి" అంటారు. సలహాలు నా దగ్గర లేవర్రా. ఉంటే నేనే వాడుకునేదాన్ని, ఉద్యోగంలో అన్ని తగువులు తెచ్చుకునేదాన్ని కాదు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. ల్యాబ్‌లో నేను చేసిన మొట్టమొదటి పని ఒక టెస్ట్‌ట్యూబు పగలగొట్టడం. చెయ్యి జారి కాదు, కావాలనే.

అదెందుకో తెలియాలంటే ముందు ఆ బడి సంగతి చెప్పాలి.

ఎనభైల మొదట్లో మాట. రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు దాటాక ఒక ఆడపిల్లల హైస్కూలు ఉండేది. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. విజయనగరం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ, చదివిందీ, కయ్యాలు నేర్చిందీ ఈ ఊళ్ళోనే. ఇంట్లో మా అమ్మ "ఏటే, ఎక్కడికెళ్ళిపోతన్నావ్?" అని కేకేస్తే, గడప దాటగానే నా నోట్లోంచి హిందీ వచ్చేది. కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఆ బళ్ళో ఉద్యోగమిచ్చారు. అప్పుడే అక్కడ కొత్తగా సైన్సు గ్రూపు పెట్టారు.

"ల్యాబ్ ఎక్కడుంది?" అని అడిగితే ఒక బీరువా చూపించారు. అద్దాల తలుపులు, లోపల బీకర్లు, టెస్ట్‌ట్యూబులు పెళ్ళిలో వెండిసామాను లాగా వరసగా తళతళలాడుతున్నాయి. బయట తాళం. తాళం ముందు స్టూలు మీద ల్యాబ్ అటెండరు. ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి, పెద్దవాడు. అందరూ "కకా" అనేవాళ్ళు, అంటే బాబాయి అని. నేనూ అలాగే పిలిచాను.

"కకా, బీరువా తెరవండి. పిల్లల చేతికి ఇవ్వాలి."

"టూట్ జాహీ, బెహన్‌జీ" అన్నాడు. పగిలిపోతుందమ్మా అని.

బీకరు అడిగితే టూట్ జాహీ. గాజుకడ్డీ అడిగితే టూట్ జాహీ. చివరికి విసుగొచ్చి ఇనపస్టాండు అడిగినా అదే జవాబు. ఇనుమెలా పగుల్తుందయ్యా మహానుభావా అంటే తల గోక్కుని, "ఏమో, పిల్లలు కదా" అన్నాడు.

ఆయన్ని అనడానికి లేదు. ఊళ్ళో పద్ధతే అలా ఏడిసింది. ప్రాక్టికల్ అంటే టీచరు ముందు నిలబడి చేస్తుంది, పిల్లలు దూరంగా చేతులు కట్టుకుని చూస్తారు. ఏడాది ఆఖర్న బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి ఒక ప్రొఫెసరు వస్తాడు. ఒక్కో పిల్లకి ఒక్కో తెల్లపొడి ఇస్తాడు. అది ఏ లవణమో పిల్ల పరీక్షలు చేసి కనిపెట్టాలి. కానీ ఆయన టిఫిను తింటూ జవాబులు టీచరు చెవిన వేస్తాడు, టీచరు వెళ్ళి పిల్లల చెవిన వేస్తుంది. పిల్లలు గబగబా రాసేస్తారు. అందరూ పాసు. ఎవరి వేలికీ ఒక్క చుక్క ఆసిడ్ అంటదు, ఎవరి బీకరూ పగలదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకవైపు విరిగిన బెంచీలు పడేసిన గది ఒకటుంటే అది అడిగి తీసుకున్నాను. మా హెడ్‌మిస్ట్రెస్ ఎవరేం అడిగినా తలూపే మనిషి, ఆవిడ తలూపడమే నాకు ఆర్డరు. కకా చేత బీరువా తెరిపించడానికి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. పిల్లల్ని ఆ గదిలో నిలబెట్టి చూస్తే ఒక్కొక్కళ్ళూ టెస్ట్‌ట్యూబుని పాముపిల్లని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. భయంతో వణికే చేతులు పనేం చేస్తాయి? అప్పుడు నేనొక ట్యూబు తీసి, అందరూ చూస్తుండగా, గచ్చు మీద వదిలేశాను. ఫట్‌మంది.

కకా "హే భగవాన్, టూట్ గే!" అని గుండె పట్టుకున్నాడు.

"చూశారుగా, పగిలింది. ఆకాశం ఊడిపడిందా? లేదు. పగిలితే చీపురు అదిగో, ఊడ్చేసి ఇంకోటి తీసుకోండి. రండి, పని మొదలెడదాం" అన్నాను. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో మా ల్యాబ్ మొదలైంది.

సామాను ఎక్కడిదని అడక్కండి. ఖాళీ సిరాబుడ్డి మూతకి బెజ్జం పెట్టి ఒత్తి దూరిస్తే స్పిరిట్ దీపం. కాంపౌండరు పారేసే ఇంజెక్షను సీసాలు మాకు మందుల సీసాలు. మంటపరీక్షకి ప్లాటినం తీగ కావాలని పుస్తకంలో రాసుంటుంది. ప్లాటినమట! కాలిపోయిన హీటరు కాయిల్ విరిచి తలో ముక్కా పంచాను, బ్రహ్మాండంగా పనిచేసింది. కుళాయి లేదు కాబట్టి రేకు డ్రమ్ముకి అడుగున కుళాయి పెట్టించాను. ఆ డ్రమ్ము నింపడం మొదట్లో కకాకి ఇష్టం లేదు. పిల్లలు నీళ్ళు మోస్తామని బయల్దేరితే సిగ్గుపడి తనే మోశాడు.

ఈ పనులన్నిటిలో నాకు తోడు మా లెక్కల టీచరు. కరీంనగర్ నుంచి పెళ్ళిచేసుకుని ఇక్కడికొచ్చిన మనిషి, నాకన్నా పెద్దది. నేను అక్కా అనేదాన్ని. "నీకు జిద్దు జాస్తి ఉన్నదే చెల్లె! గీ జిద్దుతోని ఏదో ఒక్కనాడు నౌకరీ పోగొట్టుకుంటవ్" అని తిడుతూనే ఇంట్లోంచి ఖాళీ హార్లిక్స్ సీసాలు మోసుకొచ్చేది.

పిల్లల్లో ఒకదాని గురించి చెప్పాలి. తిల్దా నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేది. వాళ్ళ నాన్న అక్కడ రైసుమిల్లులో పనిచేసేవాడు. పిల్ల తెలివైందే గానీ, అబ్బబ్బ, ఏం నిదానమమ్మా! ప్రతి పరీక్షా రెండుసార్లు చేసేది. అందరూ గ్లాసులు కడిగేసి పోయినా ఇది ఇంకా దీపం ముందే ఉండేది. "ఒసే, నీ రైలు వెళ్ళిపోతుందే తల్లీ, ఒక్కసారి చేస్తే చాలదా?" అని నేను అరిస్తే ఒకరోజు తాపీగా అంది: "బెహన్‌జీ, మిల్లుకి వడ్లొస్తే మా నాన్న ఒక గింజ కొరికి ఊరుకోడు. ఇంకో బస్తాలోంచి ఇంకో గింజ తీసి కొరుకుతాడు. అప్పుడే ఆరాయని చెప్తాడు." ఆ తర్వాత నేను దాన్ని తొందరపెట్టలేదు. వాళ్ళ నాన్న పిల్లని సైన్సు చదివించడానికి ఒప్పుకున్నదే ఇది ఆడపిల్లల బడి కాబట్టి. ఇక్కడ సైన్సు ఎత్తేస్తే మిగిలింది ఊరికి అవతల మగపిల్లల స్కూలు. అక్కడికి పంపేది లేదని ముందే చెప్పేశాడు. ఆ పిల్లకే కాదు, సగం మందికి అదే పరిస్థితి.

చలికాలానికి అందరికీ చెయ్యి తిరిగిపోయింది. అప్పుడొచ్చింది గుడ్ల గొడవ.

మీకు తెలుసుగా, లవణాల పరీక్షలో ఒక దశలో ఐరన్ సల్ఫైడ్ మీద ఆసిడ్ పోసి గ్యాసు తయారుచెయ్యాలి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. కిటికీలన్నీ తెరిచి, కొంచెం కొంచెంగానే చేయించేదాన్ని. కానీ ఆ కిటికీల అవతల ఇళ్ళన్నీ ఉల్లిపాయ కూడా ముట్టని వాళ్ళవి. బడి కమిటీ సెక్రెటరీ కూడా అదే బాపతు. బట్టల వ్యాపారి, అందరూ సేఠ్‌జీ అనేవాళ్ళు. ఒకరోజు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని సరాసరి ల్యాబ్‌లోకొచ్చేశాడు.

"బెహన్‌జీ, సచ్ బోలియే, నిజం చెప్పండి. ఇక్కడ గుడ్లు ఎవరు ఉడకబెడుతున్నారు?"

నా నోరు ఊరుకుంటేగా! "ఉడకబెడితే ఈ వాసన రాదు సేఠ్‌జీ, కుళ్ళబెట్టాలి" అన్నాను.

ఆయన మొహం చూడాలి. వెనకనుంచి అక్క నా కొంగు పట్టుకు లాగింది. నేను నాలిక్కరుచుకుని, అది గ్యాసనీ, గుడ్డు కాదనీ, పరీక్షకి కావాలనీ వివరించాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భయమల్లా వీధిలో చాటింపు పడితే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారని. "ఊళ్ళో మిగతా బళ్ళలో ఈ గదీ లేదు, ఈ కంపూ లేదు. అయినా ప్రాక్టికల్‌లో ఒక్కళ్ళూ తప్పరు. మనకెందుకొచ్చిన తంటా?" అన్నాడు. నా దగ్గర జవాబుంది గానీ, ఆ జవాబు ఆయన నమ్మడు. చివరికి తెగేసి చెప్పాడు. "పరీక్షలదాకా ఉండనివ్వండి. మీ చేతిపనితో అందరూ పాసైతే సరే. ఒక్క పిల్ల తప్పినా ఈ గదికి తాళం, సైన్సు బంద్."

"అలాగే" అనేశాను. మిగతా చోట్ల జవాబులు చెప్పి పాస్ చేయిస్తారు. నేను చెప్పను. నా పిల్లలు నిజంగా పరీక్ష రాసి, ఒక్కళ్ళూ తప్పకుండా గట్టెక్కాలి. "అయిపోయింది చెల్లె, నీ పని ఖతం" అంది అక్క.

పరీక్షరోజు పొద్దున్నే సేఠ్‌జీ మనిషి వచ్చి కకా చేతిలో పెద్ద ఇత్తడి తాళం పెట్టి వెళ్ళాడు. కకా దాన్ని ఏం చెయ్యాలో తోచక ల్యాబ్‌లో బల్ల మీదే పెట్టాడు. పిల్లలందరి కళ్ళూ దాని మీదే. తీసెయ్యమందామనుకుని మళ్ళీ ఊరుకున్నాను.

ప్రొఫెసరుగారు రైలు దిగి సంచీతో వచ్చారు. తెల్లజుట్టు, మెత్తటి మాట. సంచీలో ఆయన కాలేజీ నుంచి తెచ్చిన సీసాలు. పిల్లలకి పొడులు పంచేసి, స్టాఫ్‌రూములో పోహా, జలేబీ తింటూ, పద్ధతి ప్రకారం నా వైపు వంగారు. "మేడమ్, మొదటి వరసకి ఇచ్చింది..."

నేను రెండు చెవులూ మూసేసుకున్నాను. నిజంగానే, చిన్నపిల్లలాగా. "వద్దు సర్, నాకు చెప్పకండి!"

ఆయన చేతిలో జలేబీ అలాగే ఆగిపోయింది. "చెప్పకపోతే పిల్లలు ఎలా రాస్తారు?"

"చేసి రాస్తారు సర్."

"మీ ఇష్టం. తరవాత నన్ననకూడదు" అన్నారు నవ్వి. నేనేదో వెర్రిదాన్నని ఆయన ఉద్దేశం.

ల్యాబ్‌కి వచ్చి చూసేసరికి ఆ నవ్వు పోయింది. పిల్లలు ఎవరి దీపం వాళ్ళు వెలిగించుకుని, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. ఒకత్తె ట్యూబు పగిలింది. ఎవరూ తలెత్తలేదు. ఆ పిల్ల ఊడ్చేసి ఇంకోటి తీసుకుంది. ప్రొఫెసరుగారు చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య మెల్లగా తిరిగారు. ఒక్కొక్కళ్ళే జవాబు చెప్తుంటే తలూపుతూ మార్కులేస్తున్నారు. కాపర్ సరే. జింక్ సరే. నా గుండె కొంచెం కొంచెంగా కుదుటపడుతోంది.

ఆఖర్న, ఎప్పట్లాగే అందరికన్నా ఆఖర్న, తిల్దా పిల్ల లేచింది. "బేరియం నైట్రేట్, సర్."

ఆయన ఆగారు. "నైట్రేట్ సరే. బేరియం కాదమ్మా. మళ్ళీ చూసుకో."

"రెండుసార్లు చూశాను సర్."

"అది లెడ్. నేనిచ్చిన సీసా నాకు తెలియదా?" అన్నారు. కోపం లేదు, జాలిగానే అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పరవాలేదు, లెడ్ అని దిద్దుకో. మార్కులు వేసేస్తాను" అన్నారు.

ఆ సీసాలో ఏముందో నాకూ తెలీదు, చెవులు మూసుకున్నాను కదా! పొరపాటు పిల్లదేమో. ఒక్క మాట దిద్దుకుంటే అందరూ పాసు, గది ఉంటుంది, సైన్సు ఉంటుంది. దిద్దకపోతే తాళం బల్ల మీదే ఉంది. గుమ్మంలో సేఠ్‌జీ కూడా ఉన్నాడు, ప్రొఫెసరుగారిని సాగనంపడానికి దండతో వచ్చాడు. అక్క నా పక్కకొచ్చి, "దిద్దుకోమను చెల్లె, గొడవెందుకు? అందరి పొట్ట కొట్టకు" అని గొణిగింది. అక్క తప్పేమీ చెప్పలేదు.

పిల్ల నా వైపు చూసింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను దిద్దమంటే దిద్దేసేదే. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాటకి నాకు నేనే ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

"నీకేం కనిపించిందో అదే చెప్పమ్మా."

అది ముక్కు తుడుచుకుంది. "బేరియం, సర్."

ప్రొఫెసరుగారు నా వైపు చూశారు. నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "సర్, తమరే ఒకసారి మీ చేత్తో చేసి చూపిస్తే పిల్లకి తెలిసొస్తుంది" అన్నాను. పైకి మర్యాదగానే అన్నాను గానీ, లోపల మంట అందులో ఉంది. ఆయనకీ అది తగిలినట్టుంది, కోటు విప్పి కుర్చీకి తగిలించారు.

పిల్ల ద్రావణం ట్యూబులో పోసి పొటాషియం క్రోమేట్ వేశారు. పసుప్పచ్చగా విరిగింది. "చూశావా? లెడ్" అన్నారు. సేఠ్‌జీ దండ పక్కన పెట్టి తాళం వైపు చూశాడు.

"బేరియం కూడా క్రోమేట్‌కి పసుపే ఇస్తుంది సర్" అంది పిల్ల మెల్లగా. "అయొడైడ్ వెయ్యండి సర్. లెడ్ అయితే దానికీ పసుపు రావాలి. నాకు రాలేదు."

ఆయన అయొడైడ్ చుక్కలు వేశారు. ఏమీ లేదు. ఇంకొన్ని వేశారు. ట్యూబుని వెలుగుకెత్తి చూశారు. మంచినీళ్ళలాగా తేటగా ఉంది. మొహం మారింది. "కిటికీలు మూయండి" అన్నారు. కకా పరిగెత్తి మూశాడు. ఆ చీకట్లో హీటరు కాయిల్ ముక్క ఆసిడ్‌లో ముంచి, పొడి అద్ది, సిరాబుడ్డి దీపం మంటలో పెట్టారు.

పచ్చ! లేత వరిమడి పచ్చ! మంట అంచున కాసేపు అలా ఆడింది. బేరియం తప్ప మా దగ్గరున్న ఏ లోహమూ అలాంటి పచ్చ ఇవ్వదు. పిల్లలందరూ ఒక్కసారి కేకపెట్టారు. నేనూ పెట్టాననుకుంటా. పరీక్షహాల్లో కేకలు పెట్టకూడదని తెలుసు, తెలిస్తే మాత్రం!

కిటికీలు తెరిచాక చూస్తే ప్రొఫెసరుగారు స్టూలు మీద కూలబడిపోయి ఉన్నారు. చెమట తుడుచుకుని మాట్లాడారు. "కాలేజీ స్టోర్‌లో ఎవరో లెడ్ సీసాలో బేరియం పోసినట్టున్నారు. కానీ మేడమ్... ఈ నెలంతా ఊరూరా తిరుగుతూ ప్రతి బళ్ళోనూ ఈ సీసాలోంచే ఇచ్చాను. అది అందుకున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ లెడ్ అనే రాశారు. అందరికీ పూర్తి మార్కులు వేశాను."

అందరికన్నా ముందు అర్థమైంది అక్కకే. కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకోబోయింది, ఆగలేదు, పగలబడి నవ్వింది. "ఓయమ్మ! లేని లెడ్డు అందరికీ దొరికిందా!" అని తెలుగులోనే అనేసింది. ప్రొఫెసరుగారికి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఆయనా నవ్వేశారు. పెద్ద మనసు మనిషి. ఇంకొకరైతే పిల్లని గదిమి, లెడ్ అని రాయించి, సీసా సంచీలో పడేసుకుని రైలెక్కేసేవాళ్ళు.

ఆయన లేచి పిల్ల తల మీద చెయ్యి వేశారు. తర్వాత సేఠ్‌జీ వైపు తిరిగారు. "సేఠ్‌జీ, మీ బళ్ళో అందరూ పాస్. ఇన్నేళ్ళుగా ప్రాక్టికల్ పరీక్షలని తిరుగుతున్నాను గానీ, నేను నిజంగా పరీక్ష పెట్టింది ఇవాళే."

సేఠ్‌జీకి కెమిస్ట్రీ తెలీదు. వ్యాపారి కదా, నకిలీ సరుకంటే మాత్రం బాగా తెలుసు. మిగతా బళ్ళలో ఏం జరుగుతోందో ఆయనకి అక్కడికక్కడే తెలిసిపోయింది. ప్రొఫెసరుగారి కోసం తెచ్చిన దండ అలాగే పట్టుకుని నిలబడి, చిన్నగా దగ్గి, "బెహన్‌జీ, ఆ పచ్చమంట... ఇంకోసారి చూపిస్తారా?" అన్నాడు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే కకా కిటికీలు మూసేశాడు. ఈసారి మంట తిల్దా పిల్ల చూపించింది. సేఠ్‌జీ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి మరీ చూశాడు.

పోయేటప్పుడు కకా తాళం చేతిలో పట్టుకుని వెంటపడ్డాడు. "సేఠ్‌జీ, తాలా?"

"రహనే దో" అన్నాడు సేఠ్‌జీ. ఉండనీ అని.

ఆ రోజు మేం చేసిన అల్లరి అంతా ఇంతా కాదు. మిగిలిన జలేబీలన్నీ పిల్లలకే. నేను అక్కని పట్టుకుని ఏడ్చాను కూడా. "నవ్వాల్నా ఏడ్వాల్నా, ఒక్కటి తేల్చుకోవే" అని అది తిట్టింది. మరి మిగతా బళ్ళ మార్కులు ఏమయ్యాయంటారా? బోర్డుకి రాస్తానన్నారు ప్రొఫెసరుగారు. రాశారో లేదో, రాస్తే ఎవరైనా చదివారో లేదో నాకు తెలీదు. తర్వాత సంవత్సరం మాత్రం రెండు బళ్ళ నుంచి టీచర్లు మా ల్యాబ్ చూడ్డానికొచ్చారు. సిరాబుడ్డి దీపం ఎలా చెయ్యాలో కకానే దగ్గరుండి చూపించాడు. వాళ్ళలో ఒకాయన ట్యూబు పగలగొట్టి బిక్కమొహం వేస్తే, మా కకా, ఆ కకాయే, "పగలనివ్వండి సర్, చీపురు అదిగో" అన్నాడు.

తిల్దా పిల్ల కాలేజీ చదువు పూర్తిచేసింది. సిల్తారాలో కొత్తగా కార్ఖానాలు లేచినప్పుడు ఒకచోట ల్యాబ్‌లో చేరింది. దాని చేతిలోంచి రిపోర్టు రావడం ఆలస్యమని అక్కడి మేనేజరు విసుక్కునేవాడట, వచ్చాక మాత్రం మారు మాట్లాడేవాడు కాదట. ఇప్పటికీ రెండుసార్లు చేస్తోందన్నమాట.

ఆ ఇత్తడి తాళం నేనున్నన్నాళ్ళూ ల్యాబ్‌లోనే ఉంది. ఫ్యాను గాలికి ఫిల్టరు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువుకి పెట్టేవాళ్ళం. రిటైరైన రోజు శాలువా కప్పి, ఇంకేం కావాలో అడగమంటే ఆ తాళమే అడిగి తెచ్చుకున్నాను. మీరు టీ కప్పు పెట్టారే, దాని పక్కన న్యూస్‌పేపరు మీద ఉన్నది అదే. తాళంచెవి మాత్రం లేదు. దాన్నేం చేశావు కకా అని ఎన్నిసార్లు అడిగానో. ఎన్నిసార్లు అడిగినా తెలీబంధా చెరువు వైపు చూస్తూ, నవ్వు మీసాల్లో దాచుకుని, ఒకటే జవాబు:

"టూట్ గే, బెహన్‌జీ."